అలవాటు పడవలసింది ఎవరికి?

గత నెలలో మా శాఖలో చదివిన ఒక విద్యార్థిని నా గదికి వచ్చింది. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో ఆమెకు సీటు దొరికింది, ఆగస్టులో ప్రయాణం. నోటు పుస్తకంలో రెండు పేజీల నిండా ప్రశ్నలు రాసుకొచ్చింది. ప్రెషర్ కుక్కర్ ఇక్కడి నుంచి తీసుకుపోవాలా, అక్కడే కొనుక్కోవాలా? చలి కోటు హైదరాబాద్‌లో కొనడం దండగేనా? ప్రొఫెసర్‌ను ఏమని పిలవాలి? బస్సు దిగేటప్పుడు డ్రైవర్‌కు కృతజ్ఞతలు చెబుతారట, నిజమేనా? ఒక్కొక్కటే అడిగి, నేను చెప్పింది రాసుకుంది. చివరి ప్రశ్న మాత్రం పుస్తకంలో లేదు. లేచి తలుపు దాకా వెళ్లి వెనుదిరిగి అడిగింది: "సార్, అక్కడ చేరబోయే తెలుగు పిల్లలంతా వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. రూములు అందులోనే కుదురుతున్నాయి. ఇంటిపేరు లేకుండా చేరొచ్చా?"

మిగతా ప్రశ్నలన్నింటికీ నా దగ్గర జవాబులున్నాయి. ఈ ఒక్క ప్రశ్నకు ఇరవై ఏళ్ల కిందట నేనే ఒక జవాబు ఇచ్చి ఉన్నాను. అది గర్వంగా చెప్పుకోదగ్గది కాదు.

విదేశీ జీవితానికి సర్దుకుపోవడం గురించి కన్సల్టెన్సీల సదస్సుల్లో చెప్పే సంగతులు మనందరికీ తెలిసినవే. వరుసలో నిలబడాలి, చెప్పిన వేళకు చేరాలి, హోటల్లో బిల్లుకు పైన టిప్పు పెట్టాలి, మంచు మీద ఎట్లా నడవాలో నేర్చుకోవాలి. ఇవన్నీ ఒక్క చలికాలంలో పట్టుబడతాయి. ఆ సదస్సుల్లో ఊహించుకునే విద్యార్థి ఒక్కడే: కులం లేనివాడు, అంటే కులం గురించి ఆలోచించవలసిన అవసరం ఎన్నడూ రానివాడు. అతనికి పరాయి దేశం మాత్రమే కొత్త. సాటి తెలుగువాళ్లతో ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద వండుకుని బతకడం జీవితంలో మొదటిసారి అనుభవంలోకి వచ్చే విద్యార్థులు మనలో ఉన్నారు. వారి సర్దుబాటు గురించి ఆ సదస్సుల్లో మాట వినబడదు.

నేను 2004 ఆగస్టులో వెళ్లాను. నల్లగొండ జిల్లాలో మాదిగవాడ నుంచి అమెరికా మధ్య రాష్ట్రాల్లోని ఒక చిన్న విశ్వవిద్యాలయ పట్టణానికి. మా అమ్మ ఎండు తునకలు మూటగట్టి పెట్టెలో పెడతానంది. మాంసం తేలేదని విమానాశ్రయంలో రాసివ్వాలి అని చెబితే, "ఎండినదాన్ని కూడా మాంసమే అంటరా?" అని ఆశ్చర్యపోయింది. ఆ మూట స్థానంలో చింతపండు, కారంపొడి వెళ్లాయి.

మొదట ఇబ్బంది పెట్టింది పేరే. మన దగ్గర ఇంటిపేరు ఒక పొడి అక్షరం. హాజరుపట్టీలో, ఉద్యోగంలో, పెళ్లిపత్రికలో దాని వెనుక ఏముందో తెలియవలసినవారికి తెలుస్తుంది, తక్కినవారికి అక్షరంగానే ఉంటుంది. పాస్‌పోర్టులో, వీసా దరఖాస్తులో ఆ పొడి అక్షరానికి చోటు లేదు, విప్పి రాయవలసిందే. అమెరికా వాడికి ఆ పేరులో ఏ అర్థమూ లేదు. పలకలేక నవ్వి ఊరుకుంటాడు. అదే పేరు పక్క గదిలోని తెలుగు కుర్రాడికి మాత్రం చాలా చెబుతుంది. చెప్పకపోతే తర్వాతి ప్రశ్న వస్తుంది: "మీది నల్లగొండలో ఏ ఊరు?" ఊరి పేరు చాలనప్పుడు "మీ నాన్నగారు ఏం చేస్తారు?" ఉత్తరాది, తమిళ మిత్రుల మధ్య భుజం తట్టి జంధ్యం ఉందో లేదో తడిమి చూసే పద్ధతి గురించి చాలామంది రాశారు. మనవాళ్లకు అంత శ్రమ అక్కర్లేదు, రెండు ప్రశ్నలు చాలు.

మా ఇంటిపేరు మా జిల్లాలో ఒక భూస్వామ్య కులంలోనూ ఉంది. ఇంటిపేర్లు కులాల గోడలు దాటి తిరగడం మన సమాజంలో వింతేమీ కాదు. నేను చేరిన రెండు పడక గదుల ఇంట్లో నలుగురం తెలుగువాళ్లం. మొదటి వారంలోనే ఒకతను నా ఇంటిపేరు విని, "మనోడే" అన్నాడు. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ మౌనం ఎనిమిది నెలలు నడిచింది. సౌఖ్యంగానే నడిచిందని ఒప్పుకోవాలి. పండుగకు పిలిచారు, కారులో ఎక్కించుకుని కిరాణా కొట్టుకు తీసుకువెళ్లారు, రిజర్వేషన్లను తిట్టేటప్పుడు నా సమ్మతి కోసం నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

ఈ ఎనిమిది నెలల్లోనే మరో సర్దుబాటు జరుగుతూ ఉంది. నా పరిశోధన పర్యవేక్షకుడు మొదటి రోజే తనను పేరుతో పిలవమన్నాడు. తోటి తెలుగు విద్యార్థులకు అది వారం రోజుల బెరుకు. నాకు రెండేళ్లు పట్టింది. మా తాత దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని "బాంచెను కాల్మొక్తా" అన్న మనిషి. మా నాయినను ఊళ్లో ఆయన కొడుకు వయసువాళ్లు "ఒరే" అని పిలిచేవారు. ఎవరిని ఎట్లా పిలవాలన్నది మాకు మర్యాద ప్రశ్న ఎన్నడూ కాలేదు, దెబ్బలు తినకుండా ఉండే ఉపాయంగానే నేర్చుకున్నాం. అరవై ఏళ్ల తెల్ల ప్రొఫెసర్ తన కాఫీ తానే కలుపుకుని, నాకూ ఒక కప్పు పోసి, పేరుతో పిలవమన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది. ఇది ఏ పరీక్షో అనిపించింది. కన్సల్టెన్సీ సదస్సుల్లో దీన్ని ఏ శీర్షిక కింద చెబుతారో నాకు తెలియదు.

ఇక వంటగది. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉండేది: వంట, అంట్లు, చెత్త, బాత్‌రూమ్, ఎదురుగా వంతుల ప్రకారం నలుగురి పేర్లు. మా ఇంటి నలుగురిలో ముగ్గురు జీవితంలో చీపురు పట్టినవారు కారు. వారి ఇళ్లలో అంట్లు తోమేది ఒకరు, మరుగుదొడ్డి కడిగేది మరొకరు. ఆ మరొకరు పెరటి దారిన వచ్చి పెరటి దారిన పోయే మనిషి. అటువంటివాళ్లు అమెరికాలో మోకాళ్ల మీద కూర్చుని మరుగుదొడ్డి కడగడం నేను కళ్లారా చూశాను. మూడు వేల ఏళ్లలో ఏ సంస్కర్తా చేయలేని పనిని పనిమనిషి జీతం చేసిందే అని లోలోపల నవ్వుకున్న మాట వాస్తవం. అయితే ఆ మార్పు చేతుల దాకానే వచ్చింది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తిన్న కంచం అక్కడే వదిలి లేచేవాళ్లమని వారే చెప్పేవారు. అమెరికాలో చేసింది తమ పని అనుకున్నారు, ఇక్కడ మాత్రం అది ఇంకా ఫలానా కులం పనే.

మాంసం సంగతి ఇంకా విచిత్రం. శుక్రవారం రాత్రి నలుగురం బయటికి వెళితే ఇద్దరు గొడ్డుమాంసం బర్గర్ తినేవారు. ఇంట్లో చెప్పొద్దని ఒకరికొకరు ఒట్టు పెట్టుకునేవారు, అదో సరదా. ఒకసారి నేను అదే మాంసం దుకాణం నుంచి అరకిలో తెచ్చి వండుదామా అన్నాను. వంటగది నిశ్శబ్దమైపోయింది. "మన గిన్నెల్లోనా?" అన్నాడొకడు. రొట్టెల మధ్య ఉంటే అది అమెరికా, అల్లం వెల్లుల్లితో గిన్నెలో ఉడికితే మా వాడ. ఆ రోజే నాకు అర్థమైంది, వారి అభ్యంతరం జంతువు మీద కానేకాదని. "శాకాహారులకు మాత్రమే" అని గదుల ప్రకటనల్లో రాసేవారందరూ కులం కోసమే రాస్తారని అనను. నిజంగా మాంసం వాసన పడనివారున్నారు. కానీ ఆ రెండు మాటల వెనుక ఎంతమంది దాక్కుంటారో ఆ ఇంట్లో ఉన్నవాడిగా చెప్పగలను.

తొమ్మిదో నెలలో ఒక ఫోన్ కాల్ జరిగింది. అప్పుడు కాలింగ్ కార్డుల కాలం. నన్ను "మనోడే" అన్నతను తన ఇంటికి చేసిన ఫోనులో నా ఊరి పేరు చెప్పాడు. వాళ్ల మేనమామ మా మండలంలోనే ఉద్యోగి. మూడు రోజుల్లో సమాచారం సముద్రం దాటి తిరిగి వచ్చింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తలుపులు వేసుకోలేదు. నా కుక్కర్ మాత్రం అరలో పక్కకు జరిగింది. కలిసి వండే కూర ఎవరికి వారైంది; అందరికీ పరీక్షలున్నాయి కనుక అన్నారు. ఫ్రిజ్ మీది కాగితం మారినప్పుడు బాత్‌రూమ్ ఎదురుగా నా పేరు నెలకు రెండుసార్లు కనిపించింది. ఎందుకని అడిగితే, "నీకు అలవాటే కదా అన్నా" అని నవ్వాడు అందరికంటే చిన్నవాడు. అతను చెడ్డవాడు కాదు. ఇప్పటికీ పండుగలకు శుభాకాంక్షలు పంపుతాడు. ఆ మాట అతనికి గుర్తుండి ఉండదు.

అద్దె ఒప్పందం ముగిశాక నేను ఇథియోపియా, ఘనా దేశాల నుంచి వచ్చిన ఇద్దరు విద్యార్థుల ఇంట్లోకి మారాను. అక్కడా గొడవలున్నాయి, కరెంటు బిల్లు గురించి, రాత్రి పాటల గురించి. ఆ ఇంట్లో పెద్దకూర వండిన మొదటి ఆదివారం మా అమ్మకు ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాను. కార్డులో డబ్బులైపోయేదాకా.

అంబేడ్కర్ 1913 జులైలో న్యూయార్క్ చేరినప్పుడు ఆయన వయసు 22. బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల ఉపకార వేతనం మీద కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. వసతి గృహంలో నావల్ భతేనా అనే పార్సీ విద్యార్థి ఆయన గదిసహచరుడు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. అమెరికా, యూరప్‌లలో గడిపిన ఆ కొద్ది సంవత్సరాలు తాను అంటరానివాడిననే స్పృహనే తన మనసులో నుంచి తుడిచివేశాయని ఆయన తర్వాత 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. 1917లో బరోడాలో ఉద్యోగానికి రైలు దిగినప్పుడు ఎక్కడ ఉండాలన్న ప్రశ్న ఎదురయ్యాకే అది తిరిగి గుర్తుకొచ్చింది. హిందూ హోటల్ రానివ్వదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించుకుని చేరారు. పదకొండో రోజున కర్రలతో వచ్చిన ఒక గుంపు ఆయనను గది ఖాళీ చేయించింది.

ఈ ఘట్టాన్ని మా విద్యార్థులకు ప్రతి ఏటా పాఠంగా చెబుతాను. చెప్పిన ప్రతిసారీ ఆ పార్సీ పేరు దగ్గర నా గొంతు కొంచెం తడబడుతుంది. ఆయన పదకొండు రోజులు, నేను ఎనిమిది నెలలు. అయితే ఒక తేడా ఉంది. ఆయనకు పరాయి దేశంలో దొరికిన స్వేచ్ఛ సొంత దేశంలో పోయింది. నాకు సొంత దేశమే అక్కడికి ముందుగా వచ్చి కూర్చుని ఎదురైంది. 1913లో న్యూయార్క్‌లో భారతీయులు వేళ్ల మీద లెక్కించదగినంత మంది. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని అక్కడి జనగణన సంస్థ గణాంకాల ఆధారంగా వెలువడిన ఒక విశ్లేషణ చెప్పింది. ఆ దేశంలో అంత వేగంగా పెరిగిన పెద్ద భాష మరొకటి లేదు. ఇవాళ ఒక తెలుగు విద్యార్థి తెలుగు ఇంట్లో దిగి, తెలుగు కొట్టులో సరుకులు కొని, తెలుగు మేనేజర్ కింద పనిచేసి, తెలుగు సంఘం సంబరాల్లో పాల్గొని, అమెరికాకు అలవాటు పడకుండానే అమెరికాలో స్థిరపడవచ్చు. ఏ సంఘం ఎవరి కులానిదో చెప్పుకోవడానికి అక్కడెవరూ మొహమాటపడరు. హిందువులు ఇతర ప్రాంతాలకు వలసపోతే కులం ప్రపంచ సమస్య అవుతుందన్న కేత్కర్ మాటను అంబేడ్కర్ 1916లో కొలంబియాలో చదివిన పత్రంలోనే ఉటంకించారు.

కులాన్ని అక్కడ సర్దుబాటుకు సాధనంగా వాడుకున్న చరిత్ర కూడా పాతదే. శ్వేతజాతీయులకే పౌరసత్వం ఇచ్చే కాలంలో భగత్ సింగ్ థింద్ తాను ఉన్నత కులానికి చెందిన ఆర్యుడినని, కాబట్టి శ్వేతజాతీయుడినేనని వాదించారు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ తలుపు చివరికి తెరుచుకున్నది కులగర్వం వల్ల కాదు. నల్లజాతి ప్రజల పౌరహక్కుల పోరాటం మార్చిన వాతావరణంలో 1965 వలస చట్టం వచ్చింది; మన ఇంజనీర్లు, డాక్టర్లు దాని గుండానే వెళ్లారు. వెళ్లినవారి వారసులు నాకు మొదటి వారంలో చెప్పిన జాగ్రత్త ఏమిటంటే, "రైలు పట్టాల అవతలికి పోకు, అటు నల్లవాళ్లుంటారు." ఊళ్లో మా వాడ గురించి కూడా పిల్లలకు ఇట్లాగే చెబుతారు.

విదేశాల్లో కులం లేదని వాదించేవారికి ఇప్పుడు చట్టపరమైన చరిత్రే ఉంది. 2019 చివరలో బ్రాండైస్ విశ్వవిద్యాలయం వివక్ష వ్యతిరేక విధానంలో కులాన్ని చేర్చింది. 2022లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తన 23 ప్రాంగణాలకూ దాన్ని వర్తింపజేసింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కులవివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన తొలి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ గావిన్ న్యూసమ్ అక్టోబరులో తిరస్కరించారు. వంశం వంటి అంశాల పేరుతో ఇప్పటికే రక్షణ ఉంది కనుక కొత్త చట్టం అనవసరమన్నది ఆయన కారణం. ఒక సమాజాన్ని వేలెత్తి చూపుతున్నారన్నది బిల్లు వ్యతిరేకుల వాదన.

ఈ వాదనలను తీసిపారేయనక్కర్లేదు. చట్టంలో పేరున్నంత మాత్రాన వంటగది మారదని నా అనుభవమే చెబుతోంది. కానీ పేరు లేకపోతే ఏమవుతుందో 2020లో సిస్కో సంస్థపై కాలిఫోర్నియా పౌరహక్కుల విభాగం వేసిన దావా చూస్తే తెలుస్తుంది. ఫిర్యాదు చేసిన దళిత ఇంజనీరు కులం పైఅధికారికి తెలిసింది ఐఐటీలో చదివిన రోజుల నుంచేనని ఆరోపణ. కులవివక్ష చట్టవిరుద్ధం కాదని సంస్థ లోపలి విచారణలో తేల్చారన్నది మరో ఆరోపణ. సంస్థ వీటిని తోసిపుచ్చింది. ఇద్దరు ఇంజనీర్లపై కేసును 2023లో విభాగమే ఉపసంహరించుకుంది. న్యాయాన్యాయాలు కోర్టు తేలుస్తుంది. నాకు మిగిలే ప్రశ్న వేరు. ఒక బాధితుడు మానవ వనరుల విభాగానికి వెళ్లి కులం అన్నప్పుడు, ఎదుటి కుర్చీలోని మనిషి "అంటే ఏమిటి?" అని అడిగితే అతను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? మనువు నుంచా, ఫ్రిజ్ మీది కాగితం నుంచా?

కంకిపాడు, కాజీపేటల నుంచి కాలిఫోర్నియా దాకా వ్యాపించిన ఈ ప్రపంచంలో అరుదుగా వినబడే గొంతు సుజాత గిడ్లది. న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ 2017లో 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' ప్రచురించారు. అమెరికన్లు చర్మం రంగును చూడగలరు గానీ పుట్టుకను చూడలేరని ఆమె గ్రహించడం, అప్పటిదాకా తనకు మామూలు జీవితంగా తోచినది చెప్పదగిన కథ అని అక్కడే తెలియడం ఆ పుస్తకానికి మూలం. దూరం చేసే మేలు అది. తెలుగు ఇళ్ల మధ్యే దిగే విద్యార్థికి ఆ దూరం దొరకదు.

మన ప్రభుత్వాలు దళిత, గిరిజన విద్యార్థులను విదేశాలకు పంపడానికి డబ్బు ఇస్తున్నాయి. తెలంగాణలో అంబేడ్కర్ విదేశీ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల వరకు సహాయం ఉంది. అది అనేక కుటుంబాల తలరాత మార్చింది. కేంద్రం ఇచ్చే జాతీయ విదేశీ ఉపకార వేతనం విషయంలో మాత్రం 2022లో ఒక నిబంధన వచ్చి చేరింది: భారత సంస్కృతి, చరిత్ర, సామాజిక అధ్యయనాలపై పరిశోధనకు అది వర్తించదు. కొలంబియాలో కులం మీద పత్రం చదివిన విద్యార్థి ఇవాళ దరఖాస్తు చేస్తే ఆ విషయానికి వేతనం రాదు. ఈ వ్యంగ్యాన్ని వివరించనక్కర్లేదు. డబ్బుతో పాటు ఒక చిన్న పని చేయవచ్చు: వెళ్లేవారికి ఆ విశ్వవిద్యాలయం విధానంలో కులం ఉందో లేదో, ఫిర్యాదు ఎవరికి చేయాలో, అక్కడి అంబేడ్కర్ సంఘాలు ఎక్కడున్నాయో ఒక పూట కూర్చోబెట్టి చెప్పడం. తిరిగి వచ్చిన మాలాంటివాళ్లం పిలిస్తే వస్తాం.

ఆ అమ్మాయికి నా ఎనిమిది నెలల సంగతి చెప్పాను. ఇంతకుముందు ఏ విద్యార్థికీ చెప్పలేదు. ఇంటిపేరు పెట్టమని గానీ వద్దని గానీ అనలేదు. గదిలో ఉండబోయేది తను, నేను కాదు. రెండు రోజుల తర్వాత ఆమె పూర్తి పేరుతో గ్రూపులో చేరింది. గంటలోపే ఎవరో "మీది ఏ ఊరు?" అని అడిగారట. చెప్పింది. ముందు రోజు ఒక చోటు ఖాళీ ఉందన్నవాళ్లు తర్వాత జవాబివ్వలేదు. కారణం ఇంకేదైనా కావచ్చు, అది కూడా తనే అంది. ఇప్పుడు విశ్వవిద్యాలయ వసతి గృహానికి దరఖాస్తు పెట్టింది. అక్కడ గదిసహచరులను కార్యాలయమే నిర్ణయిస్తుంది, ఊరి పేరు అడగదు. అద్దె మాత్రం తెలుగు ఇంట్లో పంచుకునే వాటాకు దాదాపు రెట్టింపు. ఉపకార వేతనం మొదటి విడత చేతికొచ్చేలోపు మూడు నెలల అద్దె ఎక్కడి నుంచి తేవాలన్నది లెక్క వేయడానికి ఆమె తండ్రితో కలిసి సోమవారం వస్తానంది. వంటగది ఉన్న అంతస్తు అడగమని చెప్పాను.